క్యోటోలో ఒక ఇంటి వంటగదిలో జపాను వంట నేర్చుకోవడం ఎలా

జపాను వంట నేర్చుకోవాలనుకునే మనవాళ్లు చాలామంది సుషీతోనో రామెన్‌తోనో మొదలుపెట్టాలనుకుంటారు. ఆ రెండూ అక్కడివాళ్లు ఎక్కువగా బయటికి వెళ్లి తినేవి. ఇంట్లో రోజూ వండుకునేది వేరు: అన్నం, మిసో (సోయా గింజలను పులియబెట్టి చేసిన ముద్ద) కలిపిన చారు, చిన్న చిన్న గిన్నెలలో రెండు మూడు కూరలు, నాలుగు ముక్కల ఊరగాయ. ఈ అమరికను ‘ఇచిజూ సన్సాయి’ అంటారు. ‘ఒక చారు, మూడు కూరలు’ అని దాని అర్థం. యునెస్కో 2013లో జపాను వారి సంప్రదాయ భోజనం ‘వషోకు’ను తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, పెద్ద హోటళ్ల వంటకాలను కాక కుటుంబాలలో ఒక తరం నుంచి మరొక తరానికి అందుతూ వచ్చిన ఈ ఆహారపు అలవాట్లనే దృష్టిలో పెట్టుకుంది.

నేను క్యోటోలో ఉన్న రోజులలో, డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ వంటగదిలో వరసగా కొన్ని ఆదివారాలు ఈ వంట నేర్చుకున్నాను. మీరు కూడా అలాంటి ఇంటికి వెళ్లబోతున్నట్లయితే ఏ క్రమంలో ఏమి చేయాలో, ఎక్కడ శ్రద్ధ పెట్టాలో వివరంగా చెబుతాను. అన్నిటికంటే ముందు ఒక తేడాను మనసులో పెట్టుకోండి. మన వంటలో రుచి చాలావరకు తాలింపుతో వస్తుంది. వాళ్ల వంటలో అది కూరగాయ గిన్నెలో పడకముందే నీటిలోకి దిగి ఉంటుంది. ఆ నీటిని తయారు చేయడం చేతికి వస్తే మిగిలినదంతా సులువవుతుంది.

ఇల్లు ఎంచుకోవడం

ఆతిథేయులను, నేర్చుకునేవారిని కలిపే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. మీరు జపానులోనే ఉంటున్నట్లయితే మీ ఊరి అంతర్జాతీయ స్నేహసంఘంలో అడిగినా ఎవరో ఒకరు దొరుకుతారు. మూడు గంటలలో సుషీ, టెంపురా, రామెన్ అన్నీ నేర్పుతామనేవారిని పక్కన పెట్టండి. ఇద్దరికో ముగ్గురికో మించి తీసుకోని ఇంటిని, రోజువారీ భోజనం వండి చూపే ఇంటిని ఎంచుకోండి. మాట్లాడుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: దషిని మొదటినుంచీ చేసి చూపిస్తారా? దషి అంటే ఇప్పుడు నేను చెప్పిన రుచి దిగిన నీరు. నేడు జపానులో చాలా ఇళ్లలో దషికి బదులు పొడి వాడుతున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ మీరు అంత దూరం వెళ్లేది పొడి కలపడం నేర్చుకోవడానికి కాదు.

తినేవి, తిననివి ముందుగా రాసి పంపడం

మనవాళ్లకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని. జపానులో మాంసం తిననని చెబితే చేపలు తింటారని అనుకోవడం సహజం; చేపలు కూడా తిననంటే, చేపముక్కలు పెట్టరు గాని చేప మరిగిన దషిని వాడవచ్చు. నాతో ఒకసారి వచ్చిన శాకాహారి మిత్రుడు ‘మాంసం తినను’ అని మాత్రమే రాసి పంపాడు. ఆ రోజు ఆతిథేయి పొద్దుటినుంచీ శ్రమపడి వండిన ప్రతి వంటకంలోనూ కత్సువోబుషి, అంటే ఎండబెట్టి పొగ పట్టించిన కత్సువో చేప తురుము పడింది. మిత్రుడు అన్నం, ఊరగాయ తిని లేచాడు. ఆకలితో ఉన్న అతని కంటే ఆవిడే ఎక్కువ బాధపడింది.

కాబట్టి వారం రోజుల ముందే స్పష్టంగా రాయండి. ‘నికు తో సకానా వా తబెమాసెన్’ అంటే మాంసం, చేప తినను అని. దాని వెంటనే ‘కత్సువో నో దషి మో దమే దేస్’, అంటే కత్సువో దషి కూడా పనికిరాదు అని చేర్చండి. గుడ్డు తింటారో లేదో విడిగా చెప్పండి. మద్యం ముట్టనివారు సాకే, మిరిన్ రెండిటినీ పేరు పెట్టి చెప్పాలి. మిరిన్ తియ్యగా ఉంటుంది గాని అసలైన మిరిన్‌లో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. గోధుమ పడనివారికి సోయా సాస్ కూడా ఇబ్బందే, ఎందుకంటే మామూలు షోయులో, అంటే జపాను సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ఇవన్నీ చెబితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు. వెళ్లిన తరువాత చెప్పడమే అక్కడ అమర్యాద.

గడప దగ్గర

చెప్పిన సమయానికి ఒక నిమిషం అటూ ఇటూ కాకుండా వెళ్లండి. చిన్న కానుక తీసుకువెళ్లండి. విడివిడిగా పొట్లం కట్టిన మిఠాయి అన్నిటికంటే నయం. ఆత్రేయపురం పూతరేకులు నలిగిపోకుండా తీసుకువెళ్లగలిగితే వాటి మీద గంటసేపు మాటలు నడుస్తాయి. తాజా పళ్లు, కరివేపాకు, మాంసంతో చేసినవి మాత్రం ఇక్కడినుంచి తీసుకువెళ్లవద్దు. విమానాశ్రయంలో క్వారంటైన్ నిబంధనలు చాలా గట్టివి. కానుకను రెండు చేతులతో ఇవ్వండి, వాళ్లు అప్పుడే విప్పి చూడకపోతే నొచ్చుకోకండి.

తలుపు తీయగానే కొద్దిగా పల్లంగా ఉండే చోటును గెన్కాన్ అంటారు. చెప్పులు అక్కడే విడిచి, ‘ఒజామా షిమాస్’ అంటూ పైకి ఎక్కి, తరువాత వాటి ముందు భాగం వీధివైపు ఉండేలా తిప్పి పెట్టాలి. మీకు అడ్డం వస్తున్నాను, ఏమనుకోకండి అన్న భావం ఆ మాటలో ఉంది. టాయిలెట్ స్లిప్పర్లు వేరుగా ఉంటాయి. వాటితోనే వంటగదిలోకి నడిచి వచ్చే పొరపాటు కొత్తవారందరూ చేస్తారు. ఇక పిలుపు సంగతి. మనం పెద్దవాళ్లను వెంటనే అమ్మా అనో అత్తయ్యా అనో పిలుస్తాం. అక్కడ ఇంటిపేరుకు ‘సాన్’ చేర్చి పిలవడమే పద్ధతి; ఆవిడే తనను ఒకాసాన్, అంటే అమ్మ అని పిలవమంటే అప్పుడు పిలవవచ్చు.

జుట్టు ముడి వేసుకుని, ఉంగరాలు, గాజులు తీసి, చేతులు కడుక్కుని నిలబడండి. వంటగది చిన్నది, ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. మొదటి పావుగంట ఏ పనీ అందుకోకుండా చూడండి. కత్తి ఇచ్చినప్పుడు ఎడమచేతి వేళ్లను లోపలికి ముడిచి కూరగాయ మీద ఆనించమంటారు. దానిని ‘నెకో నో తే’, పిల్లి పంజా అంటారు, చిన్నపిల్లలకు కూడా అలాగే నేర్పుతారు.

దషి

ఒక లీటరు నీటికి 10 గ్రాముల ఎండు కొంబు తీసుకోండి. కొంబు సముద్రంలో పెరిగే నాచు జాతి. జపానులో ఎక్కువ భాగం హొక్కాయిడో తీరం నుంచి వస్తుంది. ఎడో కాలంలో (1603–1868) పడమటి తీరం వెంబడి వచ్చే సరుకు ఓడలు దానిని ఒసాకా, క్యోటోలకు చేర్చేవి, అందుకే సముద్రానికి దూరంగా ఉన్న క్యోటో వంట అంతా దీని మీదే నిలబడింది. క్యోటో వంటవారు రిషిరి దీవి కొంబును ఇష్టపడతారు; దాని దషి తేటగా, ఘాటు లేని వాసనతో ఉంటుంది. కొంబు మీద కనిపించే తెల్లని పొడి బూజు కాదు, రుచిలో భాగం. దానిని కడిగివేయకుండా, తడిపి పిండిన గుడ్డతో పైపైన తుడవండి చాలు.

కొంబును చల్లటి నీటిలో అరగంట నుంచి గంటసేపు నాననిచ్చి, తరువాత సన్నని సెగ మీద పెట్టండి. ఇక్కడ తొందర పనికిరాదు. గట్టిగా ఉన్న పట్టీ మెల్లగా విప్పుకుని, ఆకుపచ్చగా మెత్తబడి, గిన్నె అడుగునుంచి ఆవగింజలంత బుడగలు వచ్చి దాని అంచులకు పట్టుకుంటాయి. నేను ‘సెన్సే’, అంటే గురువుగారు అని పిలిచిన ఆ పెద్దావిడ ఆ దశలో గిన్నె మీదికి వంగి మాట్లాడడం మానేసేది. గోరుతో కొంబు దళసరి చోట నొక్కి, గోరు దిగితే తీసేసేది. నీరు తెర్లడానికి ముందే అది బయటికి రావాలి. మరిగితే జిగురు, నాచు వాసన నీటికి పడతాయి.

చేప తినేవారు ఇప్పుడు నీటిని ఒక్క పొంగు రానిచ్చి, సెగ ఆపి, 20 నుంచి 25 గ్రాముల కత్సువోబుషి తురుము చల్లండి. కదపకండి. రెండు నిమిషాలలో రేకులు వాటంతట అవే మునుగుతాయి; అప్పుడు పలుచని గుడ్డలో వడగట్టండి. మనకు చింతపండు గుజ్జును పిండి పిండి తీసే అలవాటు ఉంది కదా, ఇక్కడ ఆ చేతిని ఆపుకోవాలి. పిండితే దషి మసకబారి, చేదు, నీచు దిగుతాయి.

మా ఇంట్లో అమ్మ చేప ముట్టదు కాబట్టి రెండో పద్ధతి కూడా అడిగి నేర్చుకున్నాను. లీటరు చల్లటి నీటిలో 10 గ్రాముల కొంబు, నాలుగైదు ఎండు షీతాకే పుట్టగొడుగులు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. వేడినీటిలో నానబెట్టిన దానికంటే చల్లటి నీటిలో నెమ్మదిగా నానిన షీతాకేకే రుచి ఎక్కువ. పొద్దున వడగట్టి వాడుకోండి, పుట్టగొడుగులను కూరలో వేసుకోండి. జపాను బౌద్ధ మఠాలలో వండే శాకాహారానికి ఆధారం ఇలాంటి దషియే.

ఇందులో దాగిన రుచిని వివరించినవాడు టోక్యో విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునాయె. 1908లో కొంబు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఆయన శిష్యుడు 1913లో కత్సువోబుషిలోని ఉమామి పదార్థం ఇనోసినేట్ అని కనుక్కున్నాడు, షీతాకేలోనిది గ్వానిలేట్. గ్లుటమేట్‌కు ఈ రెండిటిలో ఏది తోడైనా రుచి కలవడం కాదు, హెచ్చవేసినట్లు పెరుగుతుంది. కొంబును ఒంటరిగా వాడక జత కలపడంలో ఉన్న తెలివి ఇదే. బాగా పండిన టమాటాలో కూడా గ్లుటమేట్ పుష్కలంగా ఉంటుంది, అందుకే టమాటా చారు తాగే నాలుకకు ఉమామి కొత్త కాదు.

గోరువెచ్చని దషిని చిన్న గిన్నెలో పోసి, ఏమీ కలపకుండా ఒక గుక్క తాగండి. చప్పగా ఉందనిపిస్తుంది. రెండో గుక్కలో చిటికెడు ఉప్పు వేయించుకుని తాగండి. ఈ రెండు గుక్కలకు మధ్య తేడా మీకు తెలిసిన రోజున అసలు పాఠం అయినట్లే. తెలియకపోతే ఆవిడను అడిగి మూడోసారి తాగండి, ఎవరూ విసుక్కోరు.

అన్నం, మిసో చారు

అన్నం మనకు తెలిసినదే కదా అని ఇక్కడ ఏమరకండి. జపాను బియ్యం పొట్టిగా, జిగటగా ఉంటుంది, గంజి వార్చరు. కొలత ‘గో’, ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, సుమారు 150 గ్రాముల బియ్యం. మొదటి నీళ్లు పోసి, రెండుసార్లు తిప్పి, వెంటనే పారబోయాలి, ఎందుకంటే ఎండు బియ్యం ఆ మొదటి నీటినే ఆత్రంగా పీల్చుకుంటుంది, దానితోపాటు తవుడు వాసననూ పీల్చుకుంటుంది. తరువాత నీళ్లు లేకుండా, చేతిలో బంతి పట్టుకున్నట్లు వేళ్లు వంచి, ఇరవై చుట్లు తిప్పి, రెండు మూడుసార్లు కడగండి. నీరు పూర్తిగా తేటపడనవసరం లేదు. వేసవిలో అరగంట, చలికాలంలో గంట నానబెట్టి, గోకు 200 మిల్లీలీటర్ల నీటితో వండండి. ఉడికిన తరువాత పది నిమిషాలు మూత తీయకండి. తీశాక తడిపిన గరిటెతో అడుగునుంచి కోసినట్లు తిరగవేయండి, మెదపకండి.

మిసో చారులో చేయవలసిన పని తక్కువ, పాటించవలసిన నియమం ఒక్కటే. దషిలో ముల్లంగినో టోఫునో ఉడకనిచ్చి, సెగ ఆపి, చివరగా మిసో కలపాలి. గిన్నెకు 160 మిల్లీలీటర్ల దషి అనుకుంటే, టేబుల్ స్పూనుకు కాస్త తక్కువ మిసో సరిపోతుంది. చిన్న జల్లెడలోనో గరిటెలోనో మిసో తీసుకుని, దషిలో ముంచి, చాప్‌స్టిక్స్‌తో కొద్దికొద్దిగా కరిగించండి. మిసో కలిపాక మరిగించకూడదు, మరిగితే దాని సువాసన ఎగిరిపోతుంది. నేను మొదటివారం అలవాటు కొద్దీ మళ్లీ సెగ పెంచి, చారులాగా తెర్లించాను. ఆవిడ ఒక్క మాట అనకుండా వేరే గిన్నెలో మళ్లీ చేసి, రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడమంది. క్యోటో తెల్ల మిసో తియ్యగా, ఉప్పు తక్కువగా ఉంటుంది కాబట్టి దానిని రెట్టింపు వేయాలి. ఐచి రాష్ట్రంలోని ఒకజాకి పట్టణపు హచ్చో మిసో దీనికి పూర్తిగా వ్యతిరేకం, నల్లగా, ఘాటుగా ఉంటుంది.

రెండు కూరలు

మొదటిది పాలకూర, నువ్వులు. కట్ట పాలకూరను, సుమారు 200 గ్రాములు, మరిగే ఉప్పునీటిలో ముందు కాడలు, తరువాత ఆకులు ముంచి, నిమిషం లోపే తీసి చల్లటి నీటిలో వేయండి. గట్టిగా పిండి, నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. రెండు టేబుల్ స్పూన్ల వేయించిన నువ్వులను సురిబాచిలో నూరాలి. అది లోపల గీతలు చెక్కిన మట్టి మూకుడు. రోకటిపోటుతో దంచడం కాదు, కర్ర పొత్రాన్ని గీతల మీదుగా గుండ్రంగా తిప్పడం. సగం గింజలు నలిగి, సగం మిగిలి, నూనె వాసన రాగానే ఆపి, రెండేసి చిన్న చెంచాల చక్కెర, సోయా సాస్ కలిపి, ఆకును అందులో వేయండి. నువ్వుల పొడితో పెరిగిన మనకు ఈ వంటకం మొదటి ముద్దలోనే చుట్టమవుతుంది.

రెండోది గుమ్మడికాయ. పై తొక్క అక్కడక్కడ మాత్రమే తీసి, పెద్ద ముక్కలు కోసి, ప్రతి ముక్క అంచును కత్తితో సన్నగా చెక్కేయాలి; వాడి అంచులు ఉడికేటప్పుడు ఒకదానికొకటి తగిలి చితుకుతాయి, నున్నని అంచులు చితకవు. 400 గ్రాముల ముక్కలను గిన్నెలో ఒకే వరసగా పేర్చి, అవి మునిగీ మునగనట్లు దషి పోసి, టేబుల్ స్పూను చక్కెర వేయండి. గిన్నె కంటే చిన్నదైన చెక్కమూతను ముక్కల మీదే ఆనించి మూయాలి, దానిని ఒతోషిబుతా అంటారు. నడుమ చిల్లు చేసిన కాగితం కూడా పనికి వస్తుంది. సోయా సాస్ ఒక టేబుల్ స్పూను, ముక్క సగం ఉడికాకనే. వేయవలసినవాటి జపాను పేర్లకు గుర్తుగా ‘సా, షి, సు, సె, సో’ అని ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేది: చక్కెర, ఉప్పు, వెనిగర్, సోయా సాస్, మిసో. ఏ కూరలోనైనా ఇదే వరస.

గుడ్డు తినేవారు దషిమాకి కూడా అడగండి. మూడు గుడ్లకు 50 మిల్లీలీటర్ల దషి, చెంచాడు లేతరంగు సోయా సాస్ కలిపి, చదరపు పెనం మీద పలుచగా పోసి చుట్టడం, మళ్లీ పోసి మళ్లీ చుట్టడం. టోక్యో వైపు దీనిని తియ్యగా చేస్తారు, క్యోటోలో దషి ఎక్కువ. మొదటిది చిరుగుతుంది, మూడోది నిలుస్తుంది. లేతరంగు సోయా సాస్ చూపుకు పలుచన గాని ఉప్పు మామూలు దానికంటే ఎక్కువ, చూసి పోయండి.

వడ్డన, కడుగుడు

అన్నం గిన్నె ఎడమవైపు, చారు కుడివైపు, కూరలు వెనక. అన్నింటినీ కలుపుకోకుండా ఒక్కొక్కటి మార్చి మార్చి తినాలి. గిన్నె చేతిలోకి ఎత్తుకోవడం అక్కడ మర్యాదే. ‘ఇతదాకిమస్’ అని మొదలుపెట్టి, ‘గోచిసోసామా దేష్‌తా’ అని ముగించండి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చవద్దు, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి మరొకరి చాప్‌స్టిక్స్‌కు ముక్క అందించవద్దు. ఈ రెండూ వాళ్ల అంత్యక్రియలను గుర్తుకు తెస్తాయి. తిన్న గిన్నెలు కడగడానికి చేయి కలపండి, లక్క గిన్నెలను నానబెట్టకండి, నూనెను సింకులో పోయకండి, చెత్త ఏది ఎందులో వేయాలో అడిగి వేయండి.

ఇంటికి వచ్చాక

వారం తిరగకుండా ఒక్కరే మళ్లీ వండండి, ముఖ్యంగా దషి, మిసో చారు. వాడిన కొంబును పారవేయకండి. సన్నగా తరిగి, సోయా సాస్, కొద్దిగా చక్కెరతో తడి ఇగిరేదాకా ఉడికించి, నువ్వులు చల్లితే అన్నంలోకి పది రోజులు ఫ్రిజ్‌లో నిలువ ఉంటుంది.

ఆవిడ ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చినది సింకు కింద మూతపెట్టిన ఒక డబ్బా. అందులో తవుడు, ఉప్పు, నీరు కలిపిన తడి ముద్ద. దానిలో దోసకాయలు, వంకాయలు పాతి ఊరబెట్టేవారు. దానిని నుకాజుకే అంటారు. రోజూ మోచేతి దాకా చేయి పెట్టి అడుగు పైకి తిప్పాలి, లేకపోతే పాడవుతుంది. మన దగ్గర దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. రైస్‌మిల్లు నుంచి ఆ రోజు తవుడే తెచ్చి, ఊక, రాళ్లు లేకుండా జల్లించి, మాడకుండా కొద్దిగా వేయించండి. కిలో తవుడుకు సుమారు 130 గ్రాముల ఉప్పు, మరిగించి చల్లార్చిన లీటరు నీరు, ఒక కొంబు ముక్క, రెండు ఎండుమిరపకాయలు. మొదటి వారం పది రోజులు క్యాబేజీ పై ఆకులు, ముల్లంగి తొక్కలు పాతి తీసి పారవేస్తూ ఉండండి. ముద్ద పులిసి సువాసన వచ్చాక అసలు కూరగాయలు పెట్టవచ్చు. ఉప్పు రుద్దిన దోసకాయ ఒక పూట నుంచి ఒక రోజులో ఊరుతుంది. మన ఎండాకాలంలో డబ్బాను బయట ఉంచితే పొద్దున, రాత్రి రెండుసార్లు కలపాలి. ఊరు వెళ్లవలసి వస్తే పైన ఉప్పు చల్లి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి, వచ్చాక ఆ పై పొర తీసేసి మళ్లీ కలపడం మొదలుపెట్టండి.